జూన్‌లో పుట్టని ఇద్దరు

మొన్న మంగళవారం పొద్దున, నేనింకా రెండో గ్లాసు చాయ నోట పెట్టకముందే, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు ఫోను పట్టుకొని వంటింట్లోకి వచ్చి, తన బెంచీలో కూర్చునే పిల్లకు నాన్న లేడట, ఇన్నాళ్లూ ఆ పిల్ల తనకు చెప్పనేలేదు అని మూతి ముడుచుకుంది. నీకెవరు చెప్పారే అంటే బడివాళ్లే చెప్పారంది. ఫోను తీసుకొని, కళ్లద్దాలు వెతుక్కొని చూద్దును గదా, కరీంనగర్‌లో అంత పేరు మోసిన ఆ బడివాళ్లు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, వివరాలు సరిచూసుకోండి అంటూ తరగతి తరగతంతా ఒక జాబితా చేసి పెట్టారు. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టినతేదీ, ఆధార్ నంబరు, ఫోను నంబరు, మొన్నటి పరీక్షలో మార్కులు, ఎత్తు, బరువు, అన్నిటికీ చివర రిమార్కులు అని ఒక గడి. ఆ చివరి గడిలోనే ఉంది పాపం ఆ బెంచీ పిల్ల సంగతి, దానికి రెండు వరుసల కింద ఇంకో పిల్లవాడికి మూర్ఛలు వస్తాయన్న సంగతి.

నా సంగతి మీకు తెలియదు గాని, మా ఇంట్లో తెలుసు. చాయ అట్లాగే వదిలేసి, ఆటో ఎక్కి ఆ బడికి పోయాను. ప్రిన్సిపాల్‌ది నా కొడుకు వయసు, మర్యాదస్తుడే, కుర్చీ వేసి మంచినీళ్లు ఇప్పించి, గ్రూపులో ఉన్నదంతా మనవాళ్లే కదా మేడమ్ అన్నాడు. మనవాళ్లు కాబట్టే నాయనా భయం, ఊరు కానివాడికి ఈ పిల్లకు తండ్రి ఉంటే ఏమి, లేకుంటే ఏమి అన్నాను. ఆయన నా ఎదుటే ఆ జాబితా తీసేశాడు. నేను గెలిచి వచ్చినట్టు ఇల్లు చేరేసరికి మా అమ్మాయికి అప్పటికే ఇద్దరు కోచింగువాళ్లు ఫోన్లు చేసి, మనవరాలికి లెక్కల్లో ఎన్ని వచ్చాయో వాళ్లే చెప్పారట. మూడోవాడు పిల్లలు ఎత్తు పెరగడానికి ఏదో పొడి అమ్ముతానన్నాడట. మా మనవరాలు పొట్టిదని వాడికెట్లా తెలిసిందో వేరే చెప్పాలా!

ఇదంతా చదివి ఈమె నీతులు చెప్పడానికి కూర్చుంది అనుకునేరు. నీతులు చెప్పే మొహమా నాది? ఆ బడివాళ్లు ఇవాళ ఫోనుతో చేసిన పని, నేను ఫోన్లు లేని కాలంలో ఒట్టి నోటితో చేశాను. దాన్ని చెప్పుకుందామనే ఈ కాగితాలు ముందర వేసుకున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను, బడి ఏదో చెప్పను, ఉట్నూరు వైపు అని మాత్రం అంటాను. మీలో ఎవరైనా ఆ వైపు నౌకరి చేసినవాళ్లుంటే, దయచేసి ఆమె ఎవరై ఉంటుందా అని వేళ్లు మడుచుకుంటూ కూర్చోకండి.

మాది కరీంనగర్ జిల్లాలో సాంచాల ఊరు, అంటే మరమగ్గాల ఊరు. మా దగ్గర నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు పొద్దంతా ఆ సాంచాల చప్పుడులో ఉండి ఉండి ఇంటికొచ్చినా గట్టిగానే మాట్లాడేవాడు, ఆ గొంతే నాకూ వచ్చింది. నాకు ఇరవై రెండేళ్లు నిండీ నిండకముందే బళ్లో క్లర్కు నౌకరి వచ్చి, ఆర్డరులో ఉట్నూరు అని చూడగానే మా అవ్వ శోకం మొదలుపెట్టింది. అడవి, పులులు, చలిజ్వరం అని ఆమె ఏడుస్తుంటే, బాపు మాత్రం ఒక రోజు కూలి వదులుకొని, పెట్టె నెత్తిన పెట్టుకొని నన్ను బస్సెక్కించి, ఆ పైన జీపెక్కించి, బడి గేటు దాకా తెచ్చి దింపాడు. పోయేముందు ఆయన చెప్పిన మాట ఒకటే. "బిడ్డా, పోగు తెగుతది, తెగకుంట ఉండదు. అతికేటప్పుడు ముడి కనపడాలె. దాచిపెట్టినవనుకో, బట్ట మొత్తం పోతది."

ఆ మాట నా క్లర్కు పనికి ఎంత అతికినట్టు సరిపోయిందో! అడ్మిషన్ రిజిస్టరులో తప్పు పడితే దాన్ని బ్లేడుతో గీకకూడదు, మసి పూసినట్టు కొట్టేయకూడదు. ఒక్క అడ్డగీత గీయాలి, కింది అక్షరం ఎవరికైనా కనపడుతూ ఉండాలి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. ఆ రిజిస్టరంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గాని మన ఈడువాళ్లకు గుర్తే ఉంటుంది. చాప సగమంత వెడల్పు, ఎర్రగుడ్డ వీపు, ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. ఒకసారి అందులో ఎక్కిన పేరు, తేదీ మనిషిని చచ్చేదాకా వదలవు. దాన్ని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఆ తాళంచెవి అటెండరు తాత మొలతాడుకు వేలాడేది. తాత ఆ పక్క గూడెం మనిషి, గోండు పెద్ద, బడి పుట్టినప్పటి నుంచి ఆ బడిలోనే ఉన్నాడు. పెద్దసారు అడిగినా సరే, ఎందుకు సారూ అని ఒక్కసారి అడిగిగాని బీరువా తీసేవాడు కాదు.

ఆ రిజిస్టరు మొదటిసారి తెరిచిన రోజు నేను పడీ పడీ నవ్వాను. బడి బడంతా జూన్‌లోనే పుట్టింది! జూన్ ఒకటి, జూన్ మూడు, జూన్ ఐదు, మహా అయితే జూన్ పది. నాకంటే ముందు పనిచేసి రిటైరైన పాత క్లర్కుసారు పద్ధతి అది. బడి తెరిచేది జూన్‌లో, పిల్లవాణ్ణి తెచ్చేది జూన్‌లో, వాడు కుడిచేయి నెత్తి మీదుగా తిప్పి ఎడమచెవి అందుకున్నాడా, ఐదేళ్లు నిండినట్టు, రాసెయ్ ఐదేళ్ల కిందటి జూన్. అందలేదా, వచ్చే ఏడు రమ్మను. పొడుగు చేతుల పిల్లలు తొందరగా పెద్దవాళ్లయ్యేవారు, పొట్టి చేతుల పిల్లలు లేత వయసులోనే ఉండిపోయేవారు. నవ్వానని చెప్పాను గాని, నా సొంత పుట్టినరోజూ జూన్ నాలుగే. నేను పుట్టింది సద్దుల బతుకమ్మ తెల్లారి అని మా అవ్వ పోయేదాకా పోరుతూనే ఉంది. ఇప్పుడు మనవరాలు జూన్‌లో కేకు తెస్తుంది, నేను బతుకమ్మ తెల్లారి నాకు నేనే పాయసం వండుకుంటాను. రెండూ తింటాను.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నా నోట్లో నువ్వుగింజ నానదు. చిన్నప్పటి నుంచీ అంతే. రిజిస్టరులో ఏ వింత కనపడినా మధ్యాహ్నం టీచర్ల గదిలో డబ్బాలు విప్పే వేళకు అది అందరి ముందూ పడాల్సిందే. వాళ్లు నవ్వుతుంటే నాకు అదో సంబరం. కొత్త ఊరు, ఒంటరి ఆడపిల్లను, నవ్వించేదాన్ని కాబట్టే నలుగురూ దగ్గరికి తీశారని అప్పట్లో నా నమ్మకం.

ఇట్లా ఉండగా, నేను చేరిన మొదటి ఏడే, పదో తరగతి పిల్లల పరీక్షకు పంపవలసిన పేర్ల జాబితా తయారు చేసే పని నా మీద పడింది. ఆ జాబితాలో తేదీ ఎట్లా పోతే రేపు పదో తరగతి మెమోలో అట్లా వస్తుంది, మెమోలో వచ్చింది ఇక జన్మలో మారదు. అందుకని రిజిస్టరు ముందర పెట్టుకొని ఒక్కొక్క పేరూ సరిచూస్తూ పోతుంటే, ఒక కవలల జంట దగ్గర నా వేలు ఆగింది.

అన్నాచెల్లెళ్లు వాళ్లు. బడికి నాలుగు మైళ్ల దూరంలోని ఊరి నుంచి రోజూ నడిచి వచ్చేవాళ్లు. వాళ్ల అవ్వ, బాపు పెన్‌గంగ అవతల మరాఠీ వైపు నుంచి, ఏడాది కూడా సరిగా నిండని ఇద్దరు పిల్లలను చెరో చంకన వేసుకొని పత్తి ఏరే కూలీకి వచ్చి అక్కడే నిలిచిపోయినవాళ్లు. కవలలు, కవలలు అని బడంతా వాళ్లను కలిపే పిలిచేది. అన్న నెమ్మది, చెల్లె మిరపకాయ. అట్లాంటి కవలలకు రిజిస్టరులో ఏమని ఉంది? అన్న పుట్టింది మార్చిలో, చెల్లె పుట్టింది ఆగస్టులో! నాకు ఇక నవ్వు ఆగలేదు. కవలలకు ఐదు నెలల తేడా ఏమిటి, దారిలో బస్సు తప్పిపోయిందా ఆ పిల్లకు? బడంతా జూన్‌లో పుడితే వీళ్లిద్దరే ఎందుకు వేరే నెలల్లో పుట్టారని ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. ఆలోచించలేదు. నవ్వాను.

ఆ మధ్యాహ్నమే టీచర్ల గదిలో చెప్పాను. అన్న చేయి చెవికి అందినట్టుంది, చెల్లె చేయి ఐదు నెలల తర్వాత అందినట్టుంది అని అభినయం చేసి మరీ చూపించాను. లెక్కల సారు పొలమారి దగ్గాడు. అక్కడి నుంచి ఆ ముచ్చట చాయ హోటలుకు, హోటలు నుంచి శుక్రవారం అంగడికి పోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా దగ్గర అయితే అంగడి దాటితే చాలు, జిల్లా దాటినట్టే. నేను మాత్రం ఒక మంచి పని చేస్తున్నాననే సంబరంలో, ఆఫీసు పొరపాటు వల్ల చెల్లె తేదీ తప్పు పడిందనీ, అన్న తేదీనే చెల్లెకూ వేయవలసిందనీ సవరణ కాగితం రాసి పెద్దసారుతో సంతకం చేయించాను. ఆయనా నవ్వుతూనే చేశాడు. రిజిస్టరులో మాత్రం గీత గీయలేదు, పైనుంచి మంజూరు వచ్చాకే గీయాలి. కాగితాన్ని జాబితాతో కలిపి మూటగట్టి, లక్క సీలు వేసి, సోమవారం పన్నెండు గంటల ఆదిలాబాద్ బస్సులో అటెండరు తాత చేత జిల్లా ఆఫీసుకు పంపాలని ఏర్పాటు.

ఆ సోమవారం పదకొండు దాటాక, తాత మూట తీసుకొని బస్సు ఆగే చోటికి పోయాక, వాళ్ల అవ్వ వచ్చింది. ఎండలో నాలుగు మైళ్లూ నడిచి వచ్చినట్టుంది, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద కూర్చొని, తలుపు దగ్గరికి వేయమని చేతితో సైగ చేసింది. ఆ వైపు అలవాటు ప్రకారం నన్ను బాయి అని పిలిచేది. మా పోరి తేదీ మారుస్తున్నవట గదా బాయి అంది. మారుస్తున్నానమ్మా, పొరపాటు పడింది, నీకేం ఫికర్ లేదు అని నేను గొప్పగా చెప్పాను. ఆమె అటూ ఇటూ చూసి, పొరపాటు కాదు అంది. ఆ తర్వాత ఆమె చెప్పినంతసేపూ నేను ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. నా జీవితంలో అట్లా ఊరుకోవడం అదే మొదలు.

ఆ పిల్ల ఆమె కన్నది కాదు. ఆమె చెల్లెలి బిడ్డ. చెల్లెలు కాన్పులోనే పోతే, అత్తగారివాళ్లు తల్లిని మింగిన పిల్ల అని పసిగుడ్డును ముట్టుకోలేదట. అప్పటికి ఈమె ఒళ్లో ఐదు నెలల కొడుకు పాలు తాగుతున్నాడు. రెండో పక్కన దీన్ని వేసుకుంది. ఊళ్లో ఆ మాట పిల్ల చెవిన పడుతుందని భయపడి, మొగుణ్ణి ఒప్పించి, నది దాటి ఎవరూ తెలియని చోటికి వచ్చి ఇద్దరూ కవలలని చెప్పుకుంది. పిల్లకు అప్పటికీ తెలియదు. మరి బడిలో ఎందుకు చెప్పావమ్మా, అందరికీ లాగే జూన్ అని రాయించుకోకపోయావా అని అడిగాను.

"పాత సారు అడిగిండు, ఎప్పుడు పుట్టిండ్రని. సర్కారు బుక్కుల అబద్ధం రాయిస్తే పోరగాండ్లకు సదువు అంటదనుకున్న. పోరడు హోలీ నాడు, పోరి పొలాల పండుగ నాడు అని ఉన్నదున్నట్టు చెప్పిన. బుక్కుకు చెప్పిన బాయి, ఊరికి చెప్పలే. బుక్కుకు నోరు లేదనుకున్న."

నిజమే, బుక్కుకు నోరు లేదు. నోరు నేనయ్యాను. ఆ బడి మొత్తంలో, ఆ వందల పేర్లలో, పండుగ గుర్తుపెట్టుకొని తల్లి చెప్పగా, పంచాంగం చూసి రాసిన నిజమైన తేదీలు ఆ రెండే ఉన్నట్టున్నాయి, మహాతల్లినై నేను సరిదిద్దబోయింది అందులో ఒకదాన్ని. జూన్‌లు రాసిన బద్ధకస్తుడని నేను వెక్కిరించిన ఆ పాత క్లర్కుసారు, అన్నీ తెలిసి, పదేళ్లకు పైగా ఒక్కరితో అనలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఏడుపు కూడా వచ్చింది, కాని ఏడవడానికి టైము లేదు, గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

పరుగెత్తాను. చీర కుచ్చిళ్లు చేత పట్టుకొని, చెప్పులు చేత పట్టుకొని, కంకర రోడ్డు మీద నేను ఉరికిన ఉరుకు ఆ వైపు చాలా రోజులు చెప్పుకున్నారు. బస్సు వచ్చి నిలబడి ఉంది, తాత అప్పుడే కిటికీ పక్క సీటు పట్టుకొని మూట ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఎక్కి, మూట లాక్కొని, పళ్లతో దారం తెంపి, లక్క పగలగొట్టి, కాగితాలన్నీ బస్సు మెట్ల మీదే పరిచి, ఆ ఒక్క కాగితం తీసి రవికెలో దోపుకున్నాను. బస్సంతా లేచి చూస్తోంది. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకొని ఊదడం మరిచిపోయాడు. "ఏందమ్మా, లవ్ లెటర్ గిట్ల పడ్డదా అండ్ల?" అని వెనక నుంచి ఎవడో అంటే బస్సంతా గొల్లున నవ్వింది, ఆ పరేషాన్‌లో నాకూ నవ్వొచ్చింది. మిగిలినవి మళ్లీ మూటగట్టి ఇస్తే, తాత నా చెవి దగ్గరికి వంగి, గా కాయితం పోతలేదు గద, మంచిగైంది బిడ్డా అన్నాడు. నీకు తెలుసా తాతా అన్నాను అదిరిపడి. తాత రెండు చెవులూ ముట్టుకొని చూపించి, నాకు సరిగ్గ ఇనరాదు అన్నాడు. బస్సు రెండు మలుపుల అవతల ఉండగానే చప్పుడు విని లేచి నిలబడే మనిషి!

సాయంత్రం పెద్దసారుకు ఏమి చెప్పాలి? ఆయన దేవుడిలాంటి మనిషే, కాని ఏ మాటైనా ఇంటి దగ్గర భార్యకు చెప్పందే అన్నం తినడు, ఆమె ఏ మాటైనా బోరింగు దగ్గర చెప్పందే బిందె ఎత్తుకోదు. అందుకని, సవరణ కాగితం మూటలో పెట్టకముందే ఎక్కడో పారేసుకున్నాను సారూ, మూట విప్పి వెతికినా దొరకలేదు, ఇక గడువు దాటిపోయింది అన్నాను. నా నౌకరి మొత్తంలో నేనాడిన ఒకే ఒక్క అబద్ధం అది. ఒకే ఒక్కటంటే మీరు నమ్మరు, సరే, బాగా ఆడిన ఒకే ఒక్క అబద్ధం. ఆయన అందరి ముందూ నన్ను కడిగిపెట్టాడు. కవలలను కలుపుతానని ఊరంతా చాటింపు వేశావు, చివరికి ఒక్క కాగితం భద్రంగా పట్టుకోలేకపోయావు అన్నాడు. నేను తల వంచుకున్నాను. మనసులో మాత్రం, తిట్టండి సారూ, ఇంకాస్త గట్టిగా తిట్టండి, ఊరంతా నా తప్పే చెప్పుకోవాలి అనుకున్నాను. అట్లాగే అయింది. పాత సారు తప్పు రాశాడు, కొత్త క్లర్కమ్మ దిద్దలేకపోయింది, అంతే కథ అని అంగడిలో తేల్చేశారు. బుక్కులో నిజం అట్లాగే ఉంది, దాని ముందర నా పరువు పరదాలాగా కట్టాను.

పరువు పోయినందుకు పెద్ద బాధ లేదు గాని, ఆ పిల్ల వచ్చి నిలదీసిన రోజును మాత్రం మరిచిపోలేను. రెండు జడలు, ముక్కు మీద చెమట, వెనకాల పళ్లికిలించుకుంటూ అన్న. "అందరివి మంచిగ పంపినవు, నాదొక్కటే ఎట్ల పారేసుకున్నవు మేడం? ఇగ జిందగీ మొత్తం వీడు నాకంటె ఐదు నెలలు పెద్దోడు! నీకు పని రాదు" అని ఏడుస్తూ అరిచింది. తప్పయింది బిడ్డా అన్నాను. ఆ తర్వాత బడి వదిలేదాకా ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. పదో తరగతి వీడ్కోలు ఫొటోలో కూడా నా పక్కన నిలబడమంటే విసురుగా పోయి ఆ చివర నిలబడింది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో కోపంతో ఉబ్బిన ఆ బుగ్గలను చూస్తే ఇవాళ నవ్వొస్తుంది, ఆనాడు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

వాళ్ల అవ్వ మాత్రం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కాని కాలం వచ్చినప్పుడల్లా, అంగడి రోజు పొద్దున నేను ఆఫీసు తలుపు తీసేసరికి కిటికీలో మోదుగాకుల పొట్లంలో సీతాఫలాలు ఉండేవి, పండీ పండనివి, ఆదివారానికి సరిగ్గా తినేటట్టు. ఎవరు పెట్టారు తాతా అంటే, తాతకు ఆ మాట కూడా వినపడేది కాదు.

ఆ ఏడు నుంచి నా నోటికి నేనే తాళం వేసుకున్నాను. పూర్తిగా పడిందని అబద్ధం చెప్పను, ఇంట్లో వంట ముచ్చట్లు, సినిమా ముచ్చట్లు అదే ధాటితో నడిచాయి. కాని రిజిస్టరులో చూసినది మాత్రం రిజిస్టరులోనే ఉండేది. బదిలీ మీద భైంసా వైపు పోయినా, చివరికి కరీంనగర్‌కు వచ్చినా, బీరువా తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను. పిల్ల అసలు వయసు జర చెప్పండమ్మా అని మిఠాయి డబ్బాతో వచ్చిన సంబంధాలవాళ్లను, మిఠాయి తిని మరీ ఉత్త చేతులతో పంపాను. టెన్త్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లల చిరునామాలు కావాలని ఒక కాలేజీ ఏజెంటు గోడగడియారం తెస్తే, మా ఆఫీసులో టైము బాగానే ఉంది, మీకే బాగాలేదు అన్నాను. అందరూ నన్ను పొగరుమోతు అనేవాళ్లు. ఆ పేరు నాకు నచ్చింది, పనిరాని క్లర్కమ్మ కంటే నయమే కదా.

తర్వాత చాలా ఏళ్లకు, నేను రిటైరయ్యాక, కరీంనగర్‌లోనే కంటి ఆపరేషనుకు పోయాను. కంటికి పట్టీ వేసి, రెండో కన్నూ తెరవొద్దని పడుకోబెట్టారు, ఏమీ కనపడదు. ఒక నర్సమ్మ వచ్చి చీటీలో పేరు చదివి, మేడం, మీరు అప్పట్ల ఉట్నూరు దిక్కు బళ్లె ఉండెనా అని అడిగింది. ఆ గొంతు వినగానే నాకు రెండు జడలు కనపడ్డాయి. పట్టీ కింద నీళ్లు వస్తున్నాయి, ఏడవకండి మేడం, కుట్లు పాడైతయి అని ఆమె గదమాయిస్తోంది. ఆమె ఇంకో రెండేళ్లలో రిటైరవుతుందట, అన్న బడిపంతులట, ఆయన ఆమె కంటే ఐదు నెలలు ముందే దిగిపోతాడట. మీ మతిమరుపు పుణ్యమా అని వాడికంటె ఐదు నెలలు ఎక్కువ నౌకరి చేస్త అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, పాత అబద్ధానికి కట్టుబడి, అవునమ్మా, ఆ కాగితం ఎక్కడ పడిపోయిందో అన్నాను. అప్పుడామె నా చేయి పట్టుకుంది.

"నా పెద్దబిడ్డ పుట్టిననాడు అవ్వ అంత చెప్పింది మేడం. కాయితం ఏడ పడ్డదో గూడ చెప్పింది."

 ఆమె పట్టీ విప్పి కంట్లో చుక్కలు వేసి, ఫొటోలో పక్కన నిలబడనందుకు మనసులో పెట్టుకోకుండ్రి అంది. అప్పటి నుంచి మేమిద్దరం వారానికోసారైనా మాట్లాడుకుంటాం. ఆమె రిటైరై నాలుగేళ్లు కావస్తోంది, సీతాఫలాల కాలంలో ఇప్పటికీ బుట్ట వస్తుంది, ఈసారి పేరు రాసి.

మొన్న ఆ జాబితా చూసి వచ్చాక నా మనసు నిలవక, అన్నిటికంటే ముందు ఆమెకే ఫోను చేశాను. ఈ సంగతి రాయనా అని అడిగాను. పేరు లేకుంట రాయుండ్రి, రాసినంక నాకు సదివి వినిపియ్యుండ్రి అంది. ఇప్పటి పిల్లల పుట్టిన తేదీలన్నీ గంట, నిమిషంతో సహా నిజమే, జూన్ మీద అంత బరువు ఇప్పుడు లేదు, అది సంతోషమే. కాని ఆనాడు ఒక పిల్ల గుట్టు ఆపడానికి నేను చెప్పులు చేత పట్టుకొని బస్సు దాకా ఉరికితే సరిపోయింది. ఇవాళ ఆ బెంచీ పిల్ల కోసం నేను ఎక్కడికని ఉరకను? ఏ బస్సు ఎక్కి ఏ మూట లాక్కోను? మనవరాలిని కూర్చోబెట్టుకొని ఒక్కటే చెప్పాను, నీకు తెలిసిందని ఆ పిల్లకు తెలియనియ్యకు, తనంతట తాను చెప్పినరోజు కొత్తగా విను అని. అది అటెండరు తాతలాగా రెండు చెవులూ ముట్టుకొని చూపించింది. నేను దానికి ఈ కథ చెప్పి ఉన్నాను మరి, పేర్లు లేకుండానే.

నిన్న రాసింది రాసినట్టు ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. బస్సు దగ్గర నవ్వింది, అవ్వ దగ్గర మళ్లీ చదవమంది, అంతా విన్నాక ఒక్క వాక్యం తీసెయ్యమంది. ఎందుకని నేను అడగలేదు. రిజిస్టరులో అయితే ఒక్క అడ్డగీత గీసి, కింది అక్షరం కనపడనిచ్చి, పక్కన పొట్టి సంతకం పెట్టేదాన్ని. దీన్ని మాత్రం, మా బాపు నన్ను మన్నించాలి, ఎక్కడ ఉండేదో కూడా మీకు తెలియకుండా, ముడి కనపడకుండా తీసేశాను.